వరుస కలవని జట్టు: తెలుగు క్రీడాకథనంలో స్వలింగ ప్రేమికులైన క్రీడాకారుల స్థానం

వ్యాస సంగ్రహం

జట్టుగా ఆడే వృత్తి క్రీడల్లో స్వలింగ ప్రేమికులైన ఆటగాళ్లను తోటివారు, ప్రేక్షకులు, పత్రికలు ఏ మేరకు తమవారిగా స్వీకరిస్తున్నారనే ప్రశ్న పాశ్చాత్య దేశాల్లో మూడు దశాబ్దాలకు పైగా చర్చలో ఉంది. తెలుగులో దీన్ని క్రీడానిర్వహణకు మాత్రమే సంబంధించిన విషయంగా కాక కథనానికి, భాషకు సంబంధించిన విషయంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు సమాజంలో ఒక వ్యక్తిని స్వీకరించడమంటే అతనితోనూ అతని ఇంటివారితోనూ వరుస కలపడం. సహనం, ఆదరణ అనే రెండు మెట్లూ దాటిన తరువాతి మెట్టు అది. కబడ్డీ కథానాయకుడి చిత్రణ, 2019లో వచ్చిన మూడు క్రికెట్ చిత్రాలు, అదే ఏడాది ద్యుతీ చంద్ చేసిన ప్రకటన, మహిళా క్రికెట్ లీగు, విరాటపర్వంలోని ఒక ఘట్టం ఆధారంగా తెలుగు క్రీడాకథనం ఏ మెట్టు దగ్గర ఆగిందో ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: జట్టు, వరుస, క్రీడాచిత్రం, పౌరుషం, స్వలింగ ప్రేమ, ద్యుతీ చంద్, విరాటపర్వం.

1. ఉపోద్ఘాతం

2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానం భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షనును పరిమితం చేస్తూ, వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. చట్టం తొలగించిన నేరాన్ని భాష కూడా తొలగించిందా అన్నది సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న. దీన్ని క్రీడారంగంలో అడగడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. ఆధునిక తెలుగు సమాజంలో పురుషత్వాన్ని గురించిన కథలు చెప్పుకోవడానికి సినిమా తరువాత అంత విస్తృతంగా ఉపయోగపడుతున్న వేదిక ఆటస్థలమే. అందులోనూ జట్టుగా ఆడే ఆటలో ఆటగాడు ఒంటరివాడు కాడు. తోటివారితో గది పంచుకుంటాడు, ప్రయాణిస్తాడు, గెలిచినప్పుడు కౌగిలించుకుంటాడు, ఓడినప్పుడు భుజంమీద తల వాలుస్తాడు. మగవారి మధ్య ఇంత సాన్నిహిత్యాన్ని బహిరంగంగా అనుమతించే చోటు మన సమాజంలో మరొకటి అరుదు. ఆ సాన్నిహిత్యానికి ప్రేమ అనే పేరు రాకుండా గట్టి కాపలా ఉండేదీ అక్కడే.

ఈ వ్యాసానికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఇది పాఠాలను, మాటలను విమర్శిస్తుంది. ఏ క్రీడాకారుడి వ్యక్తిగత జీవితం గురించీ ఊహ చేయదు. తమంతట తాము బహిరంగంగా చెప్పుకున్నవారి ప్రస్తావన మాత్రమే ఇందులో ఉంటుంది. రెండవది, చిత్రాల పరిశీలన ఇతివృత్తానికీ పాత్రచిత్రణకూ పరిమితం.

2. జట్టు, వరుస: మాటల విచారణ

తెలుగులో ‘జట్టు’ అనే మాటకు రెండు అర్థాలు వ్యవహారంలో ఉన్నాయి. ఆటలో ఒక పక్షాన నిలిచినవారి సమూహం ఒకటి. స్నేహం రెండవది. పిల్లల మాటల్లో ‘నీతో జట్టు లేదు’ అంటే స్నేహం తెగిందని అర్థం. పెద్దల మాటల్లో ‘జట్టు కట్టడం’ అంటే ఉమ్మడి ప్రయోజనం కోసం ఒకటి కావడం. మొదటి అర్థంలోని జట్టులో చేరడానికి నైపుణ్యం చాలు. రెండవ అర్థంలోని జట్టులో చేరాలంటే తోటివారు ఒప్పుకోవాలి. ఎంపిక సంఘం మొదటి జట్టును ప్రకటించగలదు. రెండవ జట్టును ప్రకటించే అధికారం ఎవరికీ లేదు.

ఈ రెండవ జట్టు తెలుగువారి మధ్య ఏర్పడేది వరుసల ద్వారా. మైదానంలో తనకన్నా పెద్దవాడు ‘అన్న’, పెద్దది ‘అక్క’. అభిమానులు సైతం తాము ఎన్నడూ కలవని ఆటగాడిని ‘అన్నా’ అని పిలుస్తారు. ఆ ఆటగాడికి పెళ్లి కాగానే అతని భార్య అందరికీ ‘వదిన’ అవుతుంది. ఎవరూ ఆదేశించకుండానే ఒక కొత్త వ్యక్తి జట్టు కుటుంబంలోకి వచ్చి చేరుతుంది. రక్తసంబంధం లేనివారిని, కులం వేరైనవారిని కూడా పలకరింపుతో బంధువులుగా మార్చుకోగల ఈ శక్తి తెలుగు సంభాషణకు ఉన్న గొప్ప సౌలభ్యం. ‘వరుస కలపడం’ అనే జాతీయం పుట్టింది ఇక్కడినుంచే.

స్వలింగ ప్రేమికుడైన ఆటగాడి విషయంలో ఈ సౌలభ్యం ఆగిపోతుంది. అతను ‘అన్న’గానే ఉండవచ్చు. అతని ప్రియుడికి మాత్రం వరుస లేదు. ‘వావివరుసలు’ అనే జంటపదం ఎవరిని ఎవరు పెళ్లాడకూడదో చెప్పే కట్టుబాటునూ గుర్తు చేస్తుంది. కాబట్టి వరుస లేనితనం క్రమంగా వరుస తప్పినతనంగా వినిపించే ప్రమాదం ఉంది. పిలుపు లేకపోవడం ఒక లోపం కాగా, ఆ లోపాన్నే నేరంగా చదవడం దానికి తోడైన అన్యాయం.

పత్రికాభాషలో స్థిరపడిన పదాలు ఈ ఇబ్బందిని పెంచాయి. ‘స్వలింగ సంపర్కులు’ అనే సమాసం మనిషిని ఒక శారీరక చర్యతో నిర్వచిస్తుంది. భార్యాభర్తలను మనం ‘భిన్నలింగ సంపర్కులు’ అని వార్తల్లో రాయము. ఒక జంటకు దాంపత్యం, ప్రేమ, అనురాగం వంటి పదాలన్నీ ఇచ్చి, మరో జంటకు సంపర్కం ఒక్కటే మిగల్చడం భాషలో జరిగిన అసమాన పంపకం. అలాగే ఒక క్రీడాకారిణి తన ప్రేమను గురించి చెప్పినప్పుడు ‘ఒప్పుకుంది’ అని రాస్తే నిందితురాలి వాఙ్మూలం స్ఫురిస్తుంది. ‘బయటపెట్టింది’ అంటే దాచిన రహస్యం స్ఫురిస్తుంది. ‘చెప్పింది’ అంటే ఆమె మాట మాత్రమే వినిపిస్తుంది. క్రియాపదం ఎంపికలోనే తీర్పు దాగి ఉంటుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఈ కారణంగానే ఈ వ్యాసంలో ‘స్వలింగ ప్రేమికులు’ అనే మాటను స్వీకరించాను.

3. తొడ చరిచిన చప్పుడు: కబడ్డీ, సీమ చిత్రం

దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు, బడి మైదానాల్లో కబడ్డీ, వాలీబాల్ పరిచితమైన దృశ్యాలు. ఇదే ప్రాంతాన్ని తెలుగు సినిమా 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ మొదలు ముఠాకక్షల భూమిగా మలచుకుంది. 2001 నాటి ‘నరసింహనాయుడు’, 2002 నాటి ‘ఇంద్ర’ ఆ మూసను స్థిరపరిచాయి. ఆ చిత్రాల కథానాయకుడి ముఖ్యమైన అభినయం తొడగొట్టడం, మీసం మెలివేయడం. కబడ్డీ కూతగాడు ప్రత్యర్థి గీత దాటేముందు చేసేదీ తొడ చరచడమే. 2014 జూలైలో మొదలైన ప్రొ కబడ్డీ లీగు ఆ చప్పుడును టెలివిజన్ ద్వారా ఇంటింటికీ తెచ్చింది. ‘తెలుగు టైటాన్స్’ పేరుతో తెలుగువారికీ అందులో ఒక జట్టు ఏర్పడింది.

గుణశేఖర్ దర్శకత్వంలో 2003లో వచ్చిన ‘ఒక్కడు’ ఈ రెండు లోకాలనూ కలిపిన చిత్రం. హైదరాబాదు పాతబస్తీకి చెందిన కబడ్డీ ఆటగాడు అజయ్ పోటీ కోసం కర్నూలు వెళ్లి, అక్కడ ఓబుల్‌రెడ్డి బలవంతపు పెళ్లినుంచి పారిపోతున్న స్వప్నను కాపాడతాడు. చిత్రం పేరు ‘ఒక్కడు’ కావడం గమనార్హం. కబడ్డీ జట్టుగా ఆడే ఆట. అయినా కథ ఒక్కడిది. జట్టు సభ్యులు నాయకుడి ప్రేమకు తోడ్పడే స్నేహితులుగా మారతారు. ఆటలో చూపిన పౌరుషం ఒక స్త్రీని గెలుచుకోవడంలో సార్థకమవుతుంది. మగవారి సాన్నిహిత్యానికి కథలో స్థానం దొరికేది అది ఒక స్త్రీపురుష ప్రేమకు సేవ చేసినంత కాలమే.

ఈ నమూనాలో స్వలింగ ప్రేమికుడికి రెండే పాత్రలు మిగులుతాయి. ఒకటి హాస్యానికి ఉపయోగపడే ‘ఆడంగి’. రెండవది అసలు కనిపించకపోవడం. ‘గాజులు తొడుక్కున్నావా’ అనే ఎత్తిపొడుపు మైదానంలోనూ, వెండితెర మీదా ఒకే పని చేస్తుంది. ఓడినవాణ్ణి స్త్రీతో పోల్చి అవమానిస్తుంది. పురుషుడిని ప్రేమించే పురుషుడు కూడా ఈ మాటకే బలి అవుతాడు. స్త్రీని తక్కువగా చూసే భాష మారకుండా అతనికి విడుదల లేదు. ఇక్కడ మరొక విషయం చెప్పాలి. సీమ పల్లెల మనుషులకు ఈ పౌరుషమే సహజ లక్షణమని సినిమా నమ్మించింది. బండలాగుడు పోటీలో ఎద్దును మురిపెంగా అదిలించే రైతు చేతిలోని మార్దవం ఆ చిత్రాల్లో ఎక్కడా కనిపించదు. ఒక ప్రాంతాన్ని ఒకే అభినయానికి కుదించిన కథనమే, పురుషుడినీ ఒకే ప్రేమకు కుదించింది.

4. 2019: మూడు క్రికెట్ చిత్రాలు

న్యాయస్థానం తీర్పు వచ్చిన మరుసటి ఏడాది తెలుగులో మూడు చెప్పుకోదగిన క్రికెట్ చిత్రాలు విడుదలయ్యాయి. ఏప్రిల్‌లో శివ నిర్వాణ ‘మజిలీ’, అదే నెలలో గౌతమ్ తిన్ననూరి ‘జెర్సీ’, ఆగస్టులో భీమనేని శ్రీనివాసరావు ‘కౌసల్య కృష్ణమూర్తి’. వీటిలో ఏదీ స్వలింగ ప్రేమను గురించిన చిత్రం కాదు. అలా ఉండవలసిన బాధ్యత కూడా వాటికి లేదు. ఇక్కడి ప్రశ్న వేరు. క్రీడాకారుడి జీవితాన్ని పూర్తి చేసేదిగా ఇవి దేన్ని చూపాయి?

‘మజిలీ’లో పూర్ణ విఫల క్రికెటర్. తొలిప్రేమ భగ్నమైన తరువాత ఆట కూడా అతనికి దూరమవుతుంది. పెళ్లాడిన శ్రావణి ప్రేమను అతను గుర్తించడం, తొలిప్రేయసి కూతురికి క్రికెట్ నేర్పించడం అనే రెండు దారుల్లో అతని జీవితం మళ్లీ గాడిన పడుతుంది. ఆటలోని లోటును దాంపత్యం, పితృత్వాన్ని పోలిన గురుత్వం పూరిస్తాయి.

‘జెర్సీ’ ఈ మూడింటిలో కళాత్మకంగా బలమైనది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఆట వదిలేసి, ఉద్యోగం పోగొట్టుకుని, భార్య సంపాదనపై బతుకుతున్న అర్జున్‌ను కొడుకు ఒక జెర్సీ అడుగుతాడు. అది కొనే డబ్బు కూడా లేని తండ్రి ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ బ్యాటు పడతాడు. ఎంపికైన రోజున రైలు చప్పుడులో అతను పెట్టే కేక తెలుగు సినిమాలో మగవాడి దుఃఖాన్ని చూపిన అరుదైన దృశ్యాల్లో ఒకటి. పౌరుషాన్ని తొడగొట్టుడు నుంచి తప్పించి, ఓటమిలోకి, కన్నీటిలోకి తెచ్చినందుకు ఈ చిత్రాన్ని అభినందించాలి. అయితే ఈ మార్దవం కూడా తండ్రి అనే పాత్ర గొడుగు కిందే అనుమతి పొందింది. జెర్సీ తండ్రినుంచి కొడుకుకు వారసత్వంగా చేరే వస్తువు. ఆటగాడి విలువకు అంతిమ సాక్షి సంతానం.

ఈ సందర్భంలో మరో జెర్సీ జ్ఞాపకానికి వస్తుంది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ ఆటగాడు జేసన్ కాలిన్స్ 2013 ఏప్రిల్‌లో తాను స్వలింగ ప్రేమికుడినని ప్రకటించాడు. అప్పటికే అతను ధరిస్తున్న జెర్సీ సంఖ్య 98. స్వలింగ ప్రేమికుడైన కారణంగా 1998లో హత్యకు గురైన మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థి స్మృతికి ఆ సంఖ్య చిహ్నం. తోటి ఆటగాళ్లకు, ప్రేక్షకులకు అప్పటికి ఆ అర్థం తెలియదు. ఆ జెర్సీ కూడా ఒక వారసత్వమే. అయితే అది రక్తసంబంధం లేని ఒక మృతుడినుంచి స్వీకరించినది. వారసత్వమంటే వంశమే కానక్కరలేదని, ఒకే బాధను అనుభవించినవారి మధ్య కూడా అది ప్రవహిస్తుందని ఈ ఉదాహరణ చెబుతుంది. మన చిత్రకథ ఈ రెండవ రకం వారసత్వాన్ని ఇంకా ఊహించవలసి ఉంది.

‘కౌసల్య కృష్ణమూర్తి’ తమిళ చిత్రం ‘కనా’కు తెలుగు రూపం. అప్పుల్లో కూరుకుపోయిన రైతు కూతురు దేశపు జట్టుకు ఆడే స్థాయికి ఎదుగుతుంది. మగపిల్లలతో ఆడే ఆడపిల్లను ఊరు ఎలా మాట్లాడుతుందో ఈ చిత్రం నిజాయితీగా చూపింది. కథకు అవసరం లేకపోయినా ఆమెను మూగగా ప్రేమించే యువకుడి పాత్ర ఇందులో ఉంది. ఆటాడే ఆడపిల్ల స్త్రీత్వం గురించి ప్రేక్షకుడికి అనుమానం రాకుండా ఉంచే హామీగా ఆ పాత్ర పనిచేస్తుందని నా పరిశీలన. క్రీడాకారిణికి కథ ఇచ్చే ఈ హామీని నిజజీవితంలో ఒక క్రీడాకారిణి అదే ఏడాది నిరాకరించింది.

5. ద్యుతీ చంద్: ఆదరణ, పతకం

ఒడిశా రాష్ట్రం జాజ్‌పూర్ జిల్లాలోని ఒక చేనేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్ 2019 మే నెలలో తన ఊరి యువతితో తనకు ప్రేమబంధం ఉందని పత్రికాముఖంగా చెప్పింది. స్వలింగ ప్రేమను బహిరంగంగా చెప్పిన తొలి భారతీయ క్రీడాకారిణిగా ఆమెను గుర్తించారు. ఆమె వ్యక్తిగత పరుగుల క్రీడాకారిణి. అయినప్పటికీ 2014లో ఆసియా జూనియర్ పోటీల్లో ఆమె గెలిచిన బంగారు పతకాల్లో ఒకటి నలుగురు కలిసి పరుగెత్తే రిలేలో వచ్చినదే.

ఆమె కథలో హైదరాబాదుకు ముఖ్యమైన స్థానం ఉంది. 2014లో శరీరంలో పురుష హార్మోను సహజంగానే ఎక్కువగా ఉందన్న కారణంతో ఆమెను గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టునుంచి తప్పించారు. జాతీయ శిబిరం తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో పుల్లెల గోపీచంద్ తన బ్యాడ్మింటన్ అకాడమీలో ఆమెకు చోటిచ్చాడు. నాగపురి రమేశ్ ఆమెకు శిక్షణ ఇచ్చాడు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2015 జూలైలో ఆ నిబంధన అమలును నిలిపివేసింది. 2016లో ఆమె రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తింది. 2018 ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పరుగుల్లో రెండు వెండి పతకాలు సాధించింది. దేశపు జట్టు వద్దన్న శరీరాన్ని, వేరే ఆటకు చెందిన ఒక తెలుగు సంస్థ దగ్గరకు తీసుకోవడం తెలుగువారి క్రీడాచరిత్రలో గర్వించదగిన ఘట్టం.

ఈ ఘట్టాన్ని మనం ఏ మాటతో చెప్పుకుంటామో గమనించాలి. ‘ఆశ్రయం ఇచ్చారు’, ‘ఆదరించారు’ అంటాం. ఇవి ఆతిథేయుడి ఔదార్యాన్ని చెప్పే మాటలు. అతిథి ఎంత కాలమున్నా అతిథే. 2014 నాటి ఆదరణ ఆమె శరీరానికి సంబంధించినది కాగా, 2019 నాటి మాట ఆమె ప్రేమకు సంబంధించినది. ఈ రెండూ వేరువేరు విషయాలు. అయినా చాలామంది చదువరుల మనసులో అవి కలగాపులగమయ్యాయి. హార్మోను పరీక్ష వల్ల ఆమె ‘పూర్తి స్త్రీ’ కాదని ముందే అనుమానించినవారు, స్త్రీని ప్రేమించడాన్ని ఆ అనుమానానికి రుజువుగా చదివారు. శరీరధర్మానికీ ప్రేమకూ మధ్య లేని కార్యకారణ సంబంధాన్ని కల్పించడం ఇక్కడ జరిగిన ప్రధానమైన పఠనదోషం.

ప్రకటన తరువాత ఇంట్లో వ్యతిరేకత ఎదురైందని ఆమే చెప్పింది. 2019 జూలైలో ఇటలీలోని నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 11.32 సెకన్లలో 100 మీటర్లు పరుగెత్తి బంగారు పతకం గెలిచింది. ఆమె కథను చెప్పేవారు ఈ విజయాన్ని విమర్శకులకు ఇచ్చిన జవాబుగా చూపడం సహజం. ఆ చూపులోనే చిక్కు ఉంది. పతకం జవాబైతే, పతకం రానివారి దగ్గర జవాబు లేనట్లే. 2023లో నిషిద్ధ పదార్థాల కారణంగా ఆమెపై నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ తప్పును ఆ తప్పుగానే చూడాలి. దానితో ఆమె ప్రేమకున్న గౌరవం పెరగదు, తరగదు. ఆమెను ఆదర్శమూర్తిగా నిలిపి ఆమోదించినవారికి ఈ వార్తతో పీఠం కూలింది. వరుస కలిపినవారికి మాత్రం ఇబ్బంది ఉండదు. తప్పు చేసిన చెల్లెలు చెల్లెలు కాకుండా పోదు.

బంధువులే వరుస తెంచుకున్నప్పుడు ఏమవుతుందో ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు జస్టిన్ ఫషాను చరిత్ర చెబుతుంది. 1990లో అతను తన స్వలింగ ప్రేమను ప్రకటించాడు. తానూ ఫుట్‌బాల్ ఆటగాడే అయిన తమ్ముడు జాన్ అతన్ని బహిరంగంగా దూరం చేసుకుని, చాలా ఏళ్ల తరువాత అందుకు పశ్చాత్తాపం ప్రకటించాడు. అప్పటికి 1998లో జస్టిన్ ఆత్మహత్య చేసుకుని చాలా కాలమైంది. దీనికి భిన్నమైనది ఇంగ్లండు వికెట్‌కీపరు స్టీవెన్ డేవిస్ అనుభవం. 2011 ఫిబ్రవరిలో లోకానికి చెప్పడానికి ముందే అతను తన జట్టుకు చెప్పుకున్నాడు. లోకానికన్నా ముందు జట్టుకు చెప్పగలగడమే ‘జట్టు’ అనే మాట రెండవ అర్థానికి నిదర్శనం.

6. మహిళా క్రికెట్: కడప నేలనుంచి ఒక ఉదాహరణ

భారతదేశంలో ఈ ప్రశ్న ఊహాజనితమని, అలాంటి ఆటగాళ్లు మన మైదానాల్లో లేరని అనేవారున్నారు. మహిళల ప్రీమియర్ లీగు 2023లో మొదలైన నాటినుంచి ఈ మాటకు ఆధారం లేదు. ముంబయి ఇండియన్స్ 2023, 2025 సంవత్సరాల్లో విజేతగా నిలవడంలో ముఖ్యపాత్ర వహించిన ఇంగ్లండు క్రీడాకారిణి నాట్ సివర్-బ్రంట్, తన సహక్రీడాకారిణి కేథరిన్ బ్రంట్‌ను 2022లో పెళ్లాడింది. దక్షిణాఫ్రికాకు చెందిన మారిజానె కాప్, అదే దేశపు జట్టుకు నాయకత్వం వహించిన డేన్ వాన్ నీకెర్క్‌ను 2018లో పెళ్లాడింది. కాప్ ఈ లీగు ఆరంభంనుంచి ఢిల్లీ క్యాపిటల్స్ జట్టులో ఉంది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన స్పిన్ బౌలరు శ్రీచరణి 2025లో చేరిన జట్టు కూడా అదే. అదే ఏడాది నవంబరు 2న నవీ ముంబయిలో జరిగిన ప్రపంచకప్ అంతిమ పోటీలో ఆమె భారత్ పక్షాన, కాప్ దక్షిణాఫ్రికా పక్షాన ఆడారు. భారత్ గెలిచింది.

అంటే బహిరంగంగా స్వలింగ దాంపత్యంలో ఉన్న ఒక క్రీడాకారిణి, కడప జిల్లా పల్లెనుంచి వచ్చిన అమ్మాయి ఒకే జట్టు జెర్సీ ధరించారు. ఆట సాగింది. ప్రేక్షకులు ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. ఇందులో ఏ సంచలనమూ లేదు. ఆ లేకపోవడమే విలువైన విషయం. పెద్ద వాదాలకన్నా ఇలాంటి మామూలుతనం ఎక్కువ దూరం వెళ్తుంది.

అయితే ఈ నిశ్శబ్దాన్ని పూర్తి ఆమోదంగా లెక్కించలేము. ‘కాప్ భార్య’ అనే పదబంధం దగ్గర తెలుగు చదువరి ఒక క్షణం ఆగుతాడు. రాసేవాడు ఆ ఆగడాన్ని తప్పించడానికి ‘భాగస్వామి’ అంటాడు. అది వ్యాపార ఒప్పందాల వాసన వేసే మాట. ‘స్నేహితురాలు’ అంటే అబద్ధమవుతుంది. వామపక్ష సాహిత్యసంప్రదాయం మనకిచ్చిన ‘సహచరి’, ‘సహచరుడు’ అనే మాటలు ఇక్కడ ఉపయోగపడతాయి. పెళ్లి తంతుతో నిమిత్తం లేకుండా బతుకును పంచుకునేవారికి ఆ సాహిత్యం వాడిన పేర్లవి. 2023 అక్టోబరు 17న సర్వోన్నత న్యాయస్థానం స్వలింగ వివాహానికి చట్టబద్ధత కల్పించడానికి నిరాకరించి ఆ విషయాన్ని శాసనవ్యవస్థకు వదిలింది. చట్టం ‘భార్య’ అనే పేరు ఇవ్వని చోట, సాహిత్యం ఇప్పటికే ‘సహచరి’ అనే పేరును సిద్ధం చేసి ఉంచింది.

స్త్రీల జట్లలో కనిపించే ఈ బహిరంగత పురుషుల జట్లలో ఎందుకు లేదు? స్త్రీలు సహజంగా ఉదారులన్న వివరణ సరిపోదు. ఆటస్థలంలోకి అడుగుపెట్టినప్పుడే క్రీడాకారిణి సమాజం గీసిన స్త్రీత్వపు గీతను దాటింది. మరో గీత దాటడానికి కావలసిన ధైర్యం ఆమెకు అలవాటైంది. పురుషుడి విషయంలో ఆట అతని పౌరుషానికి ధ్రువపత్రం. స్వలింగ ప్రేమను చెప్పుకుంటే ఆ పత్రాన్ని తానే చింపుకున్నట్లు లెక్క. వేలంపాటలో తన ధర, ప్రకటనల ఒప్పందాలు, ఊరిలో ఇంటిపేరు, అన్నీ ఆ పత్రం మీద ఆధారపడినవే. అందువల్ల పురుషుల క్రీడలో వినిపించే మౌనాన్ని అలాంటివారు లేరనడానికి రుజువుగా తీసుకోవడం తర్కానికి నిలవదు.

వ్యక్తిగత జీవితాన్ని ఆటలోకి ఎందుకు తేవాలి అనే ఆక్షేపణ తరచుగా వినిపిస్తుంది. ఆటగాడి పెళ్లి, గ్యాలరీలో కూర్చున్న భార్య, శతకం చేసి ఆమెవైపు చూపిన బ్యాటు, పుట్టిన బిడ్డ, ఇవన్నీ క్రీడాపుటల్లో నిత్యం కనిపిస్తూనే ఉన్నాయి. వ్యక్తిగతం ఎప్పుడో ఆటలోకి వచ్చింది. ఒక రకమైన వ్యక్తిగతానికి మాత్రమే తలుపు తెరిచి ఉంది.

7. విరాటుని కొలువు

తెలుగు సాహిత్యానికి ఈ విషయం పూర్తిగా కొత్తదని అనుకోనవసరం లేదు. తిక్కన విరాటపర్వంలో వలలుడి వేషంలోని భీముడు మల్లుడితో తలపడే ఘట్టమూ, బృహన్నల వేషంలోని అర్జునుడు ఉత్తరుడికి సారథిగా వెళ్లి గోగ్రహణ యుద్ధాన్ని గెలిచే ఘట్టమూ ఒకే పర్వంలో ఉన్నాయి. పేడితనం లింగస్థితికి సంబంధించినది. స్వలింగ ప్రేమ వేరు. ఆ రెండింటినీ కలపడం నా ఉద్దేశం కాదు. గెలుపు ఎవరి పేరున నమోదవుతుందన్న ప్రశ్నను ఆ పర్వం ఎలా అడిగిందో చూడడం మాత్రమే ఇక్కడ ప్రయోజనం.

కౌరవసేన ఓడిందని వార్త రాగానే విరాటుడు తన కొడుకు పరాక్రమాన్ని పొగుడుతాడు. కంకుభట్టు వేషంలోని ధర్మరాజు మాత్రం, బృహన్నల సారథిగా ఉండగా గెలుపు రాక ఏమవుతుందని పదేపదే అంటాడు. సహించలేక రాజు పాచికతో అతని ముఖాన కొడతాడు. నెత్తురు వస్తుంది. రాజుకు గెలుపు అక్కరలేకపోలేదు. ఆ గెలుపు అలాంటి మనిషిది కావడమే అతనికి మింగుడు పడలేదు. నిజం చెప్పినవాడికే దెబ్బ తగిలింది. తరువాత వేషం తొలగి అర్జునుడని తెలిశాక, అదే రాజు తన కూతురినే ఇస్తానంటాడు. అర్జునుడు ఉత్తరను తన కొడుక్కు చేసుకుంటాడు. వరుస కలిసింది. కానీ అది అర్జునుడితోనే కలిసింది. బృహన్నలతో కలవలేదు.

నేటి క్రీడాకథనం విరాటుని కొలువును దాటి ఎంతో దూరం రాలేదనడానికి ఈ ఘట్టం కొలమానంగా నిలుస్తుంది. గెలిపించిన శరీరాన్ని మనం స్వీకరిస్తున్నాం. ఆ శరీరం తన పేరుతో, తన ప్రేమతో కొలువులోకి వచ్చినప్పుడు కూడా స్వీకరించగలమా అన్నది మిగిలిన పరీక్ష. ‘బృహన్నల’ అనే పేరును నిందగా వాడేవారు, ఆ పర్వంలో ఓడినది ఎవరో, గెలిచినది ఎవరో మరిచిపోయి వాడుతున్నారు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగు క్రీడాకథనంలో స్వలింగ ప్రేమికులైన క్రీడాకారుల పట్ల మూడు మెట్ల వైఖరి సాధ్యం. మొదటిది సహనం. అది నిశ్శబ్దం రూపంలో ఉంటుంది. రెండవది ఆదరణ. అది కష్టకాలంలో చోటు ఇస్తుంది, విజయాన్ని కోరుతుంది, అతిథిని అతిథిగానే ఉంచుతుంది. మూడవది వరుస. అది పతకాన్ని అడగదు. ద్యుతీ చంద్ విషయంలో హైదరాబాదు రెండవ మెట్టును గౌరవంగా ఎక్కింది. మహిళా క్రికెట్ లీగును చూసే ప్రేక్షకులు మొదటి మెట్టు మీద మామూలుగా నిలిచారు. సినిమా కథ ఇంకా మెట్ల దగ్గరకు రావలసి ఉంది. ‘జెర్సీ’ వంటి చిత్రం పురుషుడి కన్నీటికి చోటిచ్చింది కనుక, ఆ దారిలో మరో అడుగు వేయడం మన కథకులకు అసాధ్యమని చెప్పలేము.

విమర్శకులు, పరిశోధకులు చేయగలిగిన పని పరిమితమైనదే, అయినా స్పష్టమైనది. క్రీడావార్తల భాషలోని క్రియాపదాలను, సమాసాలను పరీక్షించడం, ‘సంపర్కం’ స్థానంలో ‘ప్రేమ’ను, ‘ఒప్పుకోలు’ స్థానంలో ‘మాట’ను, ‘భాగస్వామి’ స్థానంలో ‘సహచరి’ని నిలపడం, ఆత్మకథల్లోనూ చిత్రాల్లోనూ జట్టు గదికి సంబంధించిన దృశ్యాలను ఈ దృష్టితో చదవడం. ఇవి పదాల పట్టికలు మాత్రమే కావు. ఏ పల్లె బడి మైదానంలోనో తన మనసును తనలోనే దాచుకుని కూత పెడుతున్న కుర్రవాడికి, రేపు తనవారి మధ్య తనను తాను చెప్పుకోవడానికి కావలసిన మాటలు ఇవే. జట్టులో అతని స్థానాన్ని ఎంపిక సంఘం నిర్ణయిస్తుంది. అతను తీసుకువచ్చిన మనిషిని ఏ వరుసతో పిలవాలో నిర్ణయించవలసినది మాత్రం ఆ భాష మాట్లాడేవారే.